"పంపాను" అంటే సెంట్ అనాలా, హ్యావ్ సెంట్ అనాలా? ఇంకో ఐదు వాక్యాలు కూడా

అల్పవిరామం (ప్రశ్న):

ఆఫీసు మెయిళ్ళలో తరచూ రాసే ఆరు ఇంగ్లీషు వాక్యాలు కింద ఇస్తున్నాను. గ్రామర్ చెకర్ ఆరింటినీ తప్పంటోంది. దిద్ది చూపిస్తోంది గానీ ఎందుకు తప్పో చెప్పడం లేదు. తెలుగులో అనుకుని చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టున్నాయి.

1. ఐ హ్యావ్ సెంట్ ద రిపోర్ట్ యెస్టర్డే.
2. ద మేనేజర్ టోల్డ్ దట్ ద మీటింగ్ వాజ్ క్యాన్సెల్డ్.
3. వి డిస్కస్డ్ అబౌట్ ద బడ్జెట్.
4. హి సజెస్టెడ్ మి టు వెయిట్.
5. ఐ హ్యాడ్ కాల్డ్ యూ ఇన్ ద మార్నింగ్.
6. ద ఎర్రర్ వాజ్ అకర్డ్ అగైన్.

టెన్సుల పట్టిక కంఠతా వచ్చు. రాసేటప్పుడు మాత్రం ఏది వాడాలో తేలదు. ఒక్కోదానికి కారణం చెప్పండి. రాస్తూ రాస్తూ వేసుకోదగ్గ పరీక్ష ఏదైనా ఉంటే ఇంకా మంచిది.

పలకబలపం:

1, 5 వాక్యాలది కాలం గొడవ. నేను ఆ రెండే తీసుకుంటాను, మిగతావి వేరేవాళ్ళు చూస్తారు.

తెలుగులో "పంపాను" అనే ఒక్క రూపం రెండు పనులు చేస్తుంది. "నిన్న పంపాను" అన్నా, "పంపాను, చూసుకోండి" అన్నా క్రియ మారదు. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది. పని జరిగిన సమయం గడిచిపోయిందనీ, అది ఫలానా సమయమనీ చెబుతుంటే "సెంట్". సమయం ఊసెత్తకుండా, రిపోర్టు ఇప్పుడు మీ దగ్గరుందన్న సంగతే చెప్పదలిస్తే "హ్యావ్ సెంట్".

అందుకని పరీక్ష ఇది: వాక్యంలో "ఎప్పుడు?" అన్నదానికి జవాబు ఉందేమో వెతకండి. నిన్న, పోయిన వారం, రెండు గంటల క్రితం, 2019లో, నేను వచ్చినప్పుడు... వీటిలో ఏది ఉన్నా "హ్యావ్" కొట్టేయండి. ప్రశ్నకూ ఇదే వర్తిస్తుంది. "వెన్ హ్యావ్ యూ సెంట్ ఇట్" అనకూడదు, "వెన్ డిడ్ యూ సెండ్ ఇట్" అనాలి. "డిడ్" వచ్చింది కదా అని వెనక మళ్ళీ "సెంట్" పెట్టకండి. గతాన్ని "డిడ్" మోసేసింది, అసలు క్రియ మామూలు రూపంలోనే ఉంటుంది.

చిక్కంతా ఇంకా గడవని సమయంతో. టుడే, దిస్ వీక్, దిస్ మార్నింగ్ లాంటివి. ఉదయం పదకొండింటికి "ఐ హ్యావ్ సెంట్ టూ మెయిల్స్ దిస్ మార్నింగ్" అంటే సరిపోతుంది, ఎందుకంటే ఉదయం ఇంకా అయిపోలేదు, మూడోది కూడా పంపొచ్చు. సాయంత్రం నాలుగింటికి అదే సంగతి రాస్తే "ఐ సెంట్ టూ మెయిల్స్ దిస్ మార్నింగ్". మాటలు అవే, మారింది గడియారం.

పనిలో పని, "నుంచి" గురించి కూడా. "ఐదేళ్ళ నుంచి పనిచేస్తున్నాను" అనేదాన్ని చాలామంది "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని రాస్తారు. ఇందులో తప్పులు రెండు. గతంలో మొదలై ఇప్పటికీ సాగే పనికి ఇంగ్లీషులో "హ్యావ్ బీన్ వర్కింగ్" కావాలి. రెండోది, మన "నుంచి" రెండు చోట్లకీ సరిపోతుంది, వాళ్ళకి సరిపోదు. ఎంతసేపు అని కొలత చెబితే "ఫర్", ఎక్కడ మొదలైందో చెబితే "సిన్స్". ఫర్ ఫైవ్ ఇయర్స్, సిన్స్ 2019. "ఫ్రమ్ ఫైవ్ ఇయర్స్" అన్నది అసలు లేదు.

ఇక 5. "హ్యాడ్" ఒంటరిగా నిలబడదు. గతంలో రెండు సంఘటనలుండి, వాటిలో ముందు జరిగినదాన్ని చూపించడానికి వాడేది అది. "ఐ హ్యాడ్ కాల్డ్ యూ ఇన్ ద మార్నింగ్" అని రాసి ఆపేస్తే, ఆ తర్వాత జరిగిందేమిటా అని చదివేవాళ్ళు ఎదురుచూస్తారు. "పొద్దున ఫోన్ చేశాను" అని చెప్పడానికి "ఐ కాల్డ్" చాలు. కాస్త దూరపు గతానికి "హ్యాడ్" పెడితే మర్యాదగా ఉంటుందని ఓ నమ్మకం ప్రచారంలో ఉంది. దానికి ఆధారం లేదు.

నిజంగా అవసరమైన చోటు చూడండి. "వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్" అంటే నేను చేరేసరికే రైలు వెళ్ళిపోయింది. "ద ట్రైన్ లెఫ్ట్" అంటే నేను చేరాక, నా కళ్ళ ముందే కదిలింది. ఇక్కడ "హ్యాడ్" తీసేస్తే కథే మారిపోతుంది. "ఆఫ్టర్", "బిఫోర్" ఉన్న వాక్యాల్లో ఏది ముందో ఆ మాటే చెప్పేస్తుంది కాబట్టి "హ్యాడ్" పెట్టినా పెట్టకపోయినా నష్టం లేదు.

ఇరుసు:

2, 3, 4 వాక్యాలకి టెన్సుతో పనిలేదు. ఇంగ్లీషులో ప్రతి క్రియకీ వెనక ఏం రావాలో ఒక కట్టుబాటు ఉంది. అర్థం ఒకటే కదా అని ఒక క్రియ తీసి ఇంకో క్రియ పెడితే వెనకున్న భాగం చెదిరిపోతుంది.

2వది. మన "చెప్పు" ఒక్కటే, వాళ్ళకి సే, టెల్ వేరు. "టెల్" వెనక వెంటనే వినేమనిషి ఉండాలి: టోల్డ్ మి, టోల్డ్ అజ్, టోల్డ్ ద టీమ్. "సే" వెనక చెప్పిన మాట వస్తుంది. కాబట్టి "ద మేనేజర్ సెడ్ దట్ ద మీటింగ్ వాజ్ క్యాన్సెల్డ్" అనొచ్చు, "టోల్డ్ అజ్ దట్..." అనొచ్చు. "టోల్డ్ దట్" రెంటికీ చెడింది. "సెడ్ మి" కూడా అంతే, మనిషిని చెప్పి తీరాలంటే "సెడ్ టు మి". "టెల్"కి మనిషి లేకుండా కుదిరే జంటలు కొన్ని ఉన్నాయి: టెల్ ద ట్రూత్, టెల్ ఎ లై, టెల్ ఎ స్టోరీ, టెల్ ద డిఫరెన్స్. వీటిని వేటికవి గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఈ జంట పట్టుబడితే చాలా క్రియలు దారిలోకొస్తాయి. "ఇన్ఫార్మ్", "రిమైండ్" రెండూ టెల్ పక్షం, మనిషి కావాలి. ఎక్స్‌ప్లెయిన్, మెన్షన్, అనౌన్స్ సే పక్షం. అందుకే "ఎక్స్‌ప్లెయిన్ మి ద ప్రాబ్లమ్" తప్పు, "ఎక్స్‌ప్లెయిన్ ద ప్రాబ్లమ్ టు మి" ఒప్పు.

3వది. "బడ్జెట్ గురించి చర్చించాం" అనుకుంటాం కాబట్టి "అబౌట్" చేతికొస్తుంది. "డిస్కస్"లో ఆ "గురించి" ముందే కలిసి ఉంది. "వి డిస్కస్డ్ ద బడ్జెట్", అంతే. అయితే జనం ఇక్కడ పడిపోవడానికి ఇంకో కారణం ఉంది. నామవాచకం "డిస్కషన్"కి "అబౌట్" కావాలి. "వి హ్యాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ద బడ్జెట్" శుభ్రమైన వాక్యం. అది విని విని క్రియకి కూడా తగిలిస్తారు. ఇదే వరసలో రిక్వెస్ట్, ఆర్డర్, ఆన్సర్, ల్యాక్, ఎంఫసైజ్ అన్నీ ఉన్నాయి. "ఐ రిక్వెస్టెడ్ లీవ్" సరి, "మై రిక్వెస్ట్ ఫర్ లీవ్" కూడా సరి, "ఐ రిక్వెస్టెడ్ ఫర్ లీవ్" మాత్రం కుదరదు. "వి ల్యాక్ టైమ్", "ల్యాక్ ఆఫ్ టైమ్". నామవాచకానికి ప్రిపొజిషన్, క్రియకి అక్కర్లేదు.

కొన్నిటికి ప్రిపొజిషన్ తగిలిస్తే అర్థమే మారుతుంది. "అటెండ్ ద మీటింగ్" అంటే మీటింగుకి హాజరవడం, "అటెండ్ టు ద కంప్లైంట్" అంటే ఫిర్యాదు సంగతి చూడడం. "ఎంటర్ ద రూమ్" అంటే గదిలోకి వెళ్ళడం, "ఎంటర్ ఇంటు ఎన్ అగ్రిమెంట్" అంటే ఒప్పందం కుదుర్చుకోవడం. తలకిందుల రకం కూడా ఉంది, ఉండాల్సిన ప్రిపొజిషన్ని మనం మింగేసేది. "ప్లీజ్ రిప్లై మి" అన్నది అందులో నంబర్ వన్. "రిప్లై టు మి" అనాలి, లేదా "ప్లీజ్ రిప్లై" అని ఆపేయాలి.

4వది. అడ్వైజ్, ఆస్క్, టెల్, అలౌ, రిమైండ్, పర్సుయేడ్: ఇవన్నీ "మి టు వెయిట్" అనే అమరికను ఒప్పుకుంటాయి. "సజెస్ట్" ఒప్పుకోదు. దాని వెనక "దట్" వాక్యం గానీ, "ఇంగ్" రూపం గానీ, ఉత్త నామవాచకం గానీ రావాలి. "హి సజెస్టెడ్ దట్ ఐ వెయిట్." బ్రిటిష్ పద్ధతిలో "దట్ ఐ షుడ్ వెయిట్" అనడం కూడా మామూలే. ఇక్కడో చిన్న మెలిక: ఆ "దట్" తర్వాత కర్త "షి" అయినా క్రియకి చివర ఎస్ చేరదు. "హి సజెస్టెడ్ దట్ షి వెయిట్." చూడ్డానికి అచ్చుతప్పులా ఉంటుంది, కానీ అదే ఒప్పు. "ఇన్సిస్ట్" కూడా సజెస్ట్ లాంటిదే, "ఇన్సిస్టెడ్ మి టు కమ్" అనకూడదు. "హి ఇన్సిస్టెడ్ దట్ ఐ కమ్" అనాలి.

ఇవన్నీ ఎక్కడ చూడాలంటే, లెర్నర్స్ డిక్షనరీలో, అంటే ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన నిఘంటువులో. ఇంగ్లీషు నుంచి తెలుగుకి ఇచ్చే నిఘంటువు "సజెస్ట్ అంటే సూచించు" అని చెప్పి ఊరుకుంటుంది, దాంతోనే ఈ తిప్పలన్నీ. క్రియ వెనక ఏ అమరిక వస్తుందో అర్థంతో సమానంగా చూపించాలని పట్టుబట్టినవాడు ఏ. ఎస్. హార్న్‌బీ. 1942లో జపాన్‌లో అచ్చయిన తన నిఘంటువులో క్రియల అమరికల్ని 25 నమూనాలుగా విడదీసి నంబర్లు వేశాడు. ఇప్పుడు ఆ నంబర్లు లేవు గానీ, ఏ మంచి లెర్నర్స్ డిక్షనరీలోనైనా క్రియ కింద "సజెస్ట్ డూయింగ్ సంథింగ్" అంటూ నమూనాలు లావు అక్షరాల్లో ఉంటాయి. అర్థం చదివి మూసేయకుండా ఆ లావు అక్షరాల దాకా వెళ్ళండి.

గీటురాయి:

6వది మిగిలిపోయింది. "అకర్" అకర్మక క్రియ. కర్మే లేనిదానికి కర్మణి ప్రయోగం ఎక్కణ్ణుంచి వస్తుంది? "తప్పు మళ్ళీ జరగబడింది" అని తెలుగులో అంటే ఎలా ఉంటుందో "వాజ్ అకర్డ్" అచ్చం అలా ఉంటుంది. "ది ఎర్రర్ అకర్డ్ అగైన్" చాలు. అచ్చుతో మొదలయ్యే మాట ముందు "ద" కాస్తా "ది" అని పలుకుతుంది, రాతలో తేడా ఉండదు. స్పెల్లింగులో రెండు సీలు, రెండు ఆర్‌లు ఉన్నాయో లేదో చూసుకోండి.

హ్యాపెన్, అరైవ్, అపియర్, డిజప్పియర్, ఎగ్జిస్ట్, బిలాంగ్, కన్సిస్ట్... ఇవన్నీ అదే జాతి. "ఎవరిచేత?" అని అడిగి చూడండి. ప్రశ్నే అర్థం లేనిదైతే "వాజ్" పెట్టకండి. ఓపెన్, బ్రేక్, స్టార్ట్ లాంటివి మాత్రం రెండు రకాలుగానూ నడుస్తాయి. తలుపు తెరుచుకుంది అంటే "ద డోర్ ఓపెన్డ్", ఎవరో తెరిచారు అంటే "ద డోర్ వాజ్ ఓపెన్డ్".

నిజానికి ఈ తేడా మనకి ఇంగ్లీషువాళ్ళకంటే బాగా తెలిసి ఉండాలి. పెరుగు, పెంచు. లేచు, లేపు. "ధరలు పెరిగాయి" అంటే "ప్రైసెస్ రోజ్", "ధరలు పెంచారు" అంటే "దే రెయిజ్డ్ ద ప్రైసెస్". లై, లే మధ్య తికమక కూడా ఇలాగే తీరుతుంది. తాను పడుకుని ఉండడం లై, దేన్నైనా పెట్టడం లే. రూపాలు మాత్రం ఇబ్బంది పెడతాయి: లై, లే, లెయిన్. లే, లెయిడ్, లెయిడ్. మొదటిదాని భూతకాలమే రెండోదాని వర్తమానం, కావాలని పెట్టిన ఉచ్చులా.

ఇంకోటి, "చేయించు". బండి మెకానిక్ దగ్గర బాగు చేయించి "ఐ రిపేర్డ్ మై బైక్" అని రాస్తే స్పానర్ పట్టింది మీరే అవుతారు. "ఐ హ్యాడ్ మై బైక్ రిపేర్డ్" లేదా "ఐ గాట్ మై బైక్ రిపేర్డ్" అనాలి. మాటల వరస జాగ్రత్త. "ఐ హ్యాడ్ రిపేర్డ్ మై బైక్" అంటే అది పైన చెప్పిన పాస్ట్ పర్ఫెక్ట్, మళ్ళీ స్పానర్ మీ చేతికే.

చదువరి:

పలకబలపం గారు చెప్పినదానికి చిన్న సవరణ. జస్ట్, ఆల్రెడీ, యెట్ ఉన్న చోట అమెరికన్లు మామూలు భూతకాలం వాడేస్తారు. "ఐ జస్ట్ సెంట్ ఇట్", "డిడ్ యూ ఈట్ యెట్?" వాళ్ళకి సహజం. బ్రిటిష్ పద్ధతిలో "ఐ హ్యావ్ జస్ట్ సెంట్ ఇట్" అంటారు. చెకర్‌లో ఏ ఇంగ్లీషు పెట్టుకున్నారో చూసుకోండి.

పలకబలపం:

నిజమే, ఒప్పుకుంటాను. "హ్యావ్" పక్కన "యెస్టర్డే" మాత్రం రెండు చోట్లా తప్పే.

అల్పవిరామం:

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. ఇంకో మూడు పెడుతున్నాను, విసుక్కోకండి. "ఐ విల్ చెక్ ద సర్వర్ డైలీ ఎట్ నైన్." "ఇఫ్ ద క్లయింట్ విల్ అగ్రీ, వి విల్ స్టార్ట్." "కెన్ యూ టెల్ మి వేర్ ఈజ్ ద ఫైల్?" వీటితో పాటు, "చేయడం" అన్నప్పుడు ఎక్కడ డు, ఎక్కడ మేక్?

పలకబలపం:

మొదటిది అసలు సిసలు తెలుగు తప్పు. "రేపు చూస్తాను", "రోజూ చూస్తాను" రెంటికీ మనది ఒకటే రూపం. బళ్ళో దాన్ని భవిష్యత్తు అని నేర్పితే "విల్" అంటుకుపోతుంది. వ్యాకరణంలో తద్ధర్మం అనేది ఈ అలవాటు అర్థాన్నే. "రోజూ" పెట్టి చూడండి, వాక్యం నిలబడితే "విల్" తీసేయండి: "ఐ చెక్ ద సర్వర్ ఎవ్రీ డే ఎట్ నైన్." "విల్" ఉంచితే, రేపటినుంచి మొదలుపెడతానని మాట ఇచ్చినట్టు వినిపిస్తుంది. ఇదే అలవాటుకి కొందరు "ఐ యూజ్డ్ టు చెక్ డైలీ" అంటారు. అది ఇంకా ప్రమాదం, ఇప్పుడు మానేశానని అర్థం.

రెండోదానికి తెలుగుని నిందించలేం. "ఒప్పుకుంటే" అన్న రూపంలో ఏ కాలమూ లేదు, భవిష్యత్తు అసలే లేదు. "ఇఫ్ ద క్లయింట్ అగ్రీస్, వి విల్ స్టార్ట్." "విల్" ఒక్కసారే, అదీ రెండో సగంలో. వెన్, అంటిల్, యాజ్ సూన్ యాజ్ లతో కూడా ఇంతే: "ఐ విల్ కాల్ యూ వెన్ హి కమ్స్." మర్యాదగా బతిమాలేటప్పుడు "ఇఫ్ యూ విల్ వెయిట్ ఎ మినిట్" అనే వాడుక ఉంది, అక్కడ "విల్" అంటే భవిష్యత్తు కాకుండా ఇష్టపడితే అని.

ఇరుసు:

మూడోది వరస తప్పు. ప్రశ్న ఇంకో వాక్యం కడుపులోకి వెళ్ళాక దాని వరస మామూలు వాక్యం వరసే: "కెన్ యూ టెల్ మి వేర్ ద ఫైల్ ఈజ్?" "డు, డిడ్" ఉంటే రాలిపోతాయి. "హి ఆస్క్‌డ్ మి వేర్ డిడ్ ఐ వర్క్" అనకూడదు, "వేర్ ఐ వర్క్‌డ్" అనాలి.

డు, మేక్ విషయంలో సూత్రం చెప్పి మోసం చేయను. కొత్తగా ఒకటి పుడితే మేక్, పని జరిగితే డు అంటారు. సగం దాకా పనిచేస్తుంది. మేక్ వైపు: మిస్టేక్, డెసిషన్, ఎఫర్ట్, ప్రోగ్రెస్, ఫోన్ కాల్, కంప్లైంట్, మనీ. డు వైపు: వర్క్, హోమ్‌వర్క్, రీసెర్చ్, బిజినెస్, ఫేవర్, డ్యామేజ్. ఫేవర్, డ్యామేజ్ ఎందుకు డు వైపున్నాయో సూత్రం చెప్పలేదు, అందుకే జంటగానే నేర్చుకోవాలి. "టేక్ ఎ డెసిషన్" బ్రిటిష్ ఇంగ్లీషులో ఉంది, దాన్ని ఎవరైనా కొట్టేస్తే పోట్లాడండి. "డు ఎ మిస్టేక్" కొట్టేస్తే మాత్రం ఊరుకోండి.

గీటురాయి:

మెయిళ్ళ ప్రసక్తి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి వెళ్తాను. "లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ" అని చివర్న రాయకండి. ఆ "టు" ప్రిపొజిషన్, వెనక "హియరింగ్" రావాలి. సందేహమొస్తే "టు" వెనక ఒక నామవాచకం పెట్టి చూడండి. "లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై" అనగలిగాం కాబట్టి "ఇంగ్" రూపం. "వాంట్ టు" వెనక అలా ఏ నామవాచకమూ నిలవదు, కాబట్టి అక్కడ మామూలు క్రియ.

అల్పవిరామం:

తిరగరాశాను, చూడండి.

1. ఐ సెంట్ ద రిపోర్ట్ యెస్టర్డే.
2. ద మేనేజర్ టోల్డ్ అజ్ దట్ ద మీటింగ్ వాజ్ క్యాన్సెల్డ్.
3. వి డిస్కస్డ్ ద బడ్జెట్.
4. హి సజెస్టెడ్ టు వెయిట్.
5. ఐ కాల్డ్ యూ దిస్ మార్నింగ్.
6. ది ఎర్రర్ అకర్డ్ అగైన్.

ఇరుసు:

ఐదు ఒప్పు. నాలుగోదాంట్లో "మి" తీసేశారు గానీ "టు" ఉంచేశారు. సజెస్ట్ వెనక "టు వెయిట్" ఏ వేషంలోనూ రాదు. "సజెస్టెడ్ వెయిటింగ్" అంటే వ్యాకరణం సరిపోతుంది, కానీ ఎదురుచూడాల్సింది మీరా, ఆయనా, అందరూనా అన్నది తెలీదు. మీ మెయిల్‌లో ఆగాల్సింది మీరే కాబట్టి "హి సజెస్టెడ్ దట్ ఐ వెయిట్" అని పంపండి.